తుమ్ము పుట్టు తెరగు

ప్రయాణమునకు బయలుదేరినవాడు గడప దాటబోవుచుండగా ఇంటిలో ఎవరైన తుమ్మినచో ఏమి జరుగునో తెలుగు శ్రోతలకు మేము వివరింపనక్కరలేదు. ముందునకు వేసిన కాలు వెనుకకు వచ్చును. చేతిలోని సంచి క్రింద పెట్టి, ఒక క్షణము కూర్చుండి, గ్రుక్కెడు మంచినీళ్లు త్రాగి మరల లేచుట ఆచారము. తుమ్మినవారు ఇంటి పెద్దలైనచో ఎవరును ఏమియు అనరు. చిన్నపిల్లవాడో, క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలో అయినచో అందరి చూపులును అటు తిరుగును. ఆ పిల్లవాడే మధ్యాహ్నము అన్నము తినుచు తుమ్మినచో నాయనమ్మ 'చిరంజీవ' యని నెత్తిమీద తట్టును. ఒంటితుమ్ము చెడ్డది, జంటతుమ్ము మంచిది అని లెక్క కట్టువారును లేకపోలేదు.

గ్రీకుల లెక్క వేరు. క్రీస్తునకు పూర్వము 401వ సంవత్సరమున పారశీక సామ్రాజ్యము నడుమ నాయకులను కోల్పోయి చిక్కుపడిన గ్రీకు సైన్యమునకు జెనోఫన్ ధైర్యము చెప్పుచుండగా ఒక సైనికుడు తుమ్మెను. వెంటనే సైన్యమంతయు ఒక్కమారుగా దేవునకు మ్రొక్కినదట. ఆ తుమ్ము దైవము పంపిన శుభశకునమని వారి విశ్వాసము. ఈ సంగతిని జెనోఫనే తన గ్రంథమున వ్రాసికొనెను. అదే తుమ్ము మన గడపలో వినబడియున్నచో ఆ సైన్యము మంచినీళ్లు త్రాగి మరల కూర్చుండెడిదేమో! శకునముల మాట అట్లుండనిచ్చి, ఈ పూట మేము ముక్కును గూర్చియే మాట్లాడదలచినాము. ఎందుకనగా, ఒక చిన్న తుమ్మును గూర్చిన అజ్ఞానము వలన నిష్కారణముగా మాట పడువారును, ప్రమాదము తెచ్చికొనువారును మన ఇండ్లలో నేటికిని కలరు.

మనము రోజునకు సుమారు 10 వేల లీటర్ల గాలిని పీల్చి విడుచుచుందుము. ఈ గాలి ఊపిరితిత్తులను చేరుటకు ముందే వడకట్టబడవలెను, వెచ్చబడవలెను, చెమ్మగిల్లవలెను. ఈ మూడు పనులును ముక్కునకు అప్పగింపబడినవి. ముక్కుపుటములలోని వెండ్రుకలు పెద్ద నలుసులను మాత్రము ఆపును. వానిని దాటిన సన్నని ధూళికి లోపల వేరొక ఏర్పాటు కలదు. అక్కడి గోడలమీద మెత్తని తడిపొర, దానిపై జిగటగా పలుచని శ్లేష్మపు పూత ఉండును. ఆ పూత క్రింద కంటికి కానరాని శైలికలు లక్షలకొలది నిలిచి, పైరగాలికి వరిచేను ఊగినట్లు, సెకనుకు పది పదిహేనుసార్లు ఒకే దిక్కునకు కదలుచుండును. ఆ కదలికచే శ్లేష్మము నిమిషమునకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున గొంతువైపునకు జరుగును. దుమ్ము, పొగమసి, సూక్ష్మక్రిములు ఆ జిగటలో చిక్కుపడి గొంతులోనికి జారి, మనకు తెలియకయే మ్రింగబడి, కడుపులోని ఆమ్లమున నశించును. రాత్రింబవళ్లు సద్దుచేయక సాగు చాకిరి ఇది. దీనికి తుమ్ముతో నిమిత్తము లేదు.

ఈ నిదానపు చాకిరికి లొంగనిది ఏదైన ఒక్కసారిగా లోపల చొరబడినప్పుడే తుమ్మునకు పిలుపు వచ్చును. గుంటూరు మిరప యార్డులో బస్తాలు దులుపుచున్నప్పుడు గాని, వంటింటిలో తాలింపు మాడినప్పుడు గాని ఆ ప్రక్కగా నడచి చూచిన ఈ పిలుపు ఎంత వేగముగా వచ్చునో తెలియును. మిరపలోని కారపు పదార్థము ముక్కు తడిపొరలోని నాడుల కొనలను సూటిగా తాకి మంట పుట్టించును. ధూళి, పుప్పొడి వంటివి కొందరిలో వేరొక మార్గమున పనిచేయును. అవి తగిలినప్పుడు తడిపొరలోని కొన్ని కణములు హిస్టమిన్ అను రసాయనమును విడిచిపెట్టును. ఆ హిస్టమిన్ నాడుల కొనలను గిలిగింతలు పెట్టును. దారి ఏదైనను వార్తను మోసికొనిపోవునది ఒక్కటే. దానికి త్రిధారనాడి యని పేరు. మెదడునుండి బయలుదేరు జంట నాడులలో ఇది అయిదవది. మూడు పాయలై ముఖమంతట అల్లుకొనియుండును. పంటినొప్పియు, కంటిలో నలక పడిన బాధయు మనకు తెలియజేయునది కూడ ఈ నాడియే. ఈ సంగతి శ్రోతలు గుర్తుంచుకొనవలెను. దీనితో మరల పనిపడును.

త్రిధారనాడి తెచ్చిన వార్త మెదడు అడుగున, వెన్నుపాము ఆరంభమగు చోటనున్న మజ్జాముఖమును చేరును. ఊపిరిని, గుండెను కనిపెట్టియుండు కేంద్రములున్నది అక్కడనే. వార్తలు కొంత కూడబెట్టుకొనువరకు ఆ కేంద్రము ఊరకుండును. మూతి సగము తెరచి, కన్నులు చిట్లించి, వచ్చునో రాదో తెలియక మనము నిలిచియుండు ఆ విచిత్రమైన క్షణము ఇదియే. కొన్నిమారులు వార్త చాలక తుమ్ము వెనుకకు పోవును. చాలినచో ఇక మన ప్రమేయము లేదు. వేడిగిన్నె తగిలిన చేయి మన అనుమతి అడుగక వెనుకకు వచ్చినట్లే ఇదియు ఒక ప్రతీకార చర్య. మొదట గుండెనిండ ఊపిరి పీల్చుకొందుము. గొంతులోని స్వరతంతువులు మూసికొనును. కడుపు కండరములును, ప్రక్కటెముకల నడిమి కండరములును ఒక్కపెట్టున బిగిసి, మూయబడిన గాలిని అదుముట వలన లోపల ఒత్తిడి పెరుగును. అంతలో స్వరతంతువులు తటాలున విచ్చుకొనును. నాలుక వెనుకభాగము లేచి నోటి దారిని కొంత అడ్డగించుటచే గాలి ముక్కుగుండను నోటిగుండను కూడ వెలువడును. ఈ తతంగమంతయు మనము చెప్పుకొనుటకు పట్టిన కాలములో నూరవవంతు కూడ పట్టదు.

కన్నులు మూతపడుట కూడ ఈ ఆజ్ఞలోని భాగమే. తెరచియుంచినచో కనుగ్రుడ్లు ఊడిపడునని పిల్లలు భయపెట్టుకొందురు. అట్టిది ఏమియు జరుగదు. ప్రయత్నించి కన్నులు తెరచియే తుమ్మగలవారు కొందరు కలరు. తుమ్మిన ఊడిపోవు ముక్కు ఎన్నాళ్లుండునని మనకొక సామెత గలదు గాని, ముక్కును ఊడదు, కన్నును ఊడదు. తుమ్మినప్పుడు గుండె ఆగునన్నది ఇంకొక అపోహ. రొమ్ములో ఒత్తిడి మారుటచే గుండె కొట్టుకొను తీరున క్షణకాలము స్వల్పమైన తేడా కలుగవచ్చును. ఆగుట మాత్రము లేదు. గాఢనిద్రలో మనము తుమ్మము. ఆ సమయమున నాడీకేంద్రముల మేల్కువ తగ్గియుండును. కలలు కను వేళ కండరములు పూర్తిగా సడలియుండును. ముక్కులో గిలిగింత మరీ బలముగా ఉన్నచో ముందు మెలకువ వచ్చును, తరువాతనే తుమ్ము వచ్చును.

ఇంత పాతదైన తుమ్మును గూర్చి శాస్త్రజ్ఞులు ఇటీవలనే తెలిసికొన్న విషయములు కొన్ని కలవు. 2012లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము వారు తుమ్మువంటి గాలి విసురును ముక్కుకణములపై ప్రయోగించి చూచిరి. ఆ విసురునకు శైలికల ఊపు హెచ్చినది. దీర్ఘకాలముగా సైనస్ వ్యాధితో బాధపడువారినుండి తీసిన కణములలో మాత్రము ఆ హెచ్చు కనబడలేదు. అనగా తుమ్ము నలుసును తరిమివేయుటతో సరిపెట్టుకొనక, మందగించిన చాకిరివాండ్రను తట్టి లేపుచున్నదన్నమాట. ఆ వ్యాధిగ్రస్తులు మాటిమాటికిని తుమ్ముచుండుటకు ఇదియే కారణమేమో నని వారి ఊహ. తట్టినను లేవనివారిని మరల మరల తట్టుట వంటిది. 2021లో సెయింట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయము వారు ఎలుకల మెదడులో తుమ్మును రేపు చోటును గుర్తించి, ముక్కునాడులు అక్కడికి వార్త పంపుటకు వాడుకొను ఒక ప్రత్యేక రసాయనమును కూడ కనిపెట్టిరి. ఆ వార్త అందకుండ చేసినచో ఎలుకలు తుమ్ముట మానినవి. ఊపిరి మాత్రము యథాప్రకారము ఆడినది.

జంతువులలో తుమ్మునకు వింత వినియోగములు గలవు. గలాపగోస్ దీవులలో సముద్రపు నాచు తిని బ్రతుకు ఇగ్వానా అను ఉడుము వంటి ప్రాణి ఒంటిలో చేరిన ఉప్పును ముక్కు దగ్గరి గ్రంథులనుండి తుమ్మి పారవేయును. బోట్స్వానాలోని అడవికుక్కలను గూర్చి 2017లో వెలువడిన పరిశీలన మరియు విచిత్రమైనది. వేటకు బయలుదేరుటకు ముందు గుంపులోని కుక్కలు తుమ్మునట. తుమ్ములు ఎక్కువైనకొలది గుంపు కదలుట ఖాయము. నాయకత్వము వహించు కుక్క లేచినచో మూడు తుమ్ములు చాలును. సామాన్యపు కుక్క లేచినచో పది వరకు కావలెను. ప్రయాణమునకు తుమ్మే అనుమతియైన సంఘము కూడ లోకమున నున్నదని మనవారు తెలిసికొనవలసినదే.

ఎండలోనికి రాగానే తుమ్మువారిని మీరు చూచియే యుందురు. మీరే అట్టివారు కావచ్చును. ఉదయపు ఆట సినిమా చూచి మిట్టమధ్యాహ్నపు వెలుతురులోనికి అడుగు పెట్టగానే రెండో మూడో తుమ్ములు. అరకు రైలుదారిలో సొరంగము దాటి రైలు వెలుగులో పడగానే మరల అదే. ఇట్టివారు జనాభాలో అయిదింట ఒకరి నుండి మూడింట ఒకరి వరకు ఉందురని అంచనాలు కలవు. తల్లిదండ్రులలో ఒకరికి ఈ లక్షణమున్నచో పిల్లలలో సగముమందికి వచ్చు అవకాశమున్నది. అరిస్టాటిలు పేర ప్రచారములోనున్న గ్రంథమొకటి సూర్యుని వేడిమి తుమ్ము తెప్పించునే గాని నిప్పు వేడిమి ఏల తెప్పింపదని ప్రశ్నించినది. ప్రశ్న మంచిదే గాని, వేడిమి అన్నచోట పొరపాటున్నది. పదునేడవ శతాబ్దపు ఆరంభమున ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బేకన్ దానిని ఎంతో సులువుగా తేల్చెను. సూర్యునికెదురుగా కన్నులు మూసికొని నిలిచినచో వేడిమి తగులుచునే యుండును, తుమ్ము మాత్రము రాదు. కావున నేరము వేడిమిది కాదు, వెలుతురుది. దారి చర్మము కాదు, కన్ను. కంటిలోని నీరు ముక్కులోనికి దిగుటయే తుమ్మునకు కారణమని బేకన్ తలంచెను గాని, నీరు దిగుటకు పట్టు కాలముకంటె తుమ్ము ముందే వచ్చుచున్నది. కంటి నాడియు త్రిధారనాడియు మెదడులో చేరువగా సాగుటచే ఒకదాని వార్త రెండవదానికి సోకుచున్నదని నేటివారు భావించుచున్నారు. ఇది రోగము కాదు. వాహనము నడుపువారు మాత్రము సొరంగము వెడలునప్పుడు నల్లకళ్లద్దములు వాడుట మేలు.

అసలు బాధ పెట్టునది ఋతువును బట్టి వచ్చి వారములకొలది విడువని తుమ్ము. లండనులో వైద్యుడైన జాన్ బాస్టాక్ 1819లో తన బాధనే వర్ణించుచు, ప్రతి వేసవియందును వచ్చు తుమ్ములు, కంటినీరు, ముక్కుదిబ్బడ ఒక ప్రత్యేక వ్యాధియని వైద్యసంఘమునకు విన్నవించెను. కారణము ఆయనకు అందలేదు. మాంచెస్టరునందలి చార్లెస్ బ్లాక్లీ అను వైద్యుడు, తానును అదే బాధకు లోనైనవాడు, గాలిపటములకు జిగట పూసిన పలకలు కట్టి ఎగురవేసి, ఎంత ఎత్తున ఎంత పుప్పొడి యున్నదో లెక్కించెను. గడ్డిపూల పుప్పొడియే దోషియని 1873లో గ్రంథము ప్రకటించెను. మనవైపు సర్కారు తుమ్మ, వయ్యారిభామ అను మొక్కల పుప్పొడి ఇట్టివానిలో చేరినది. తుమ్మచెట్టునకు తుమ్మునకు పేరులో పోలిక కాకతాళీయమే కావచ్చును గాని, సర్కారు తుమ్మ విషయమున అది అతికినట్లున్నది. పాతపరుపులలోని కంటికానరాని ధూళిపురుగులు, తేమగోడల బూజు కూడ ఇట్టివే. పుప్పొడి నిజముగా హాని చేయునది కాదు. శరీరము దానిని శత్రువని పొరబడి హిస్టమినును కుమ్మరించును. హిస్టమిను పనికి అడ్డుపడు మందులకు దారి చూపిన డానియల్ బోవెకు 1957లో నోబెల్ బహుమానము వచ్చినది. పాతరకపు మందులు నిద్రమత్తు కలిగించును. తరువాతివి అంతగా కలిగింపవు. మందు వైద్యుని అడిగి వాడవలెను; పరుపులు ఎండలో వేయుటకు మాత్రము ఎవరిని అడుగ నక్కరలేదు.

బాలింతలకు ఒక మాట. అప్పుడే పుట్టిన బిడ్డ రోజులో పలుమార్లు తుమ్ముట సహజము. బిడ్డ ముక్కు ఇరుకైనది. పాలచుక్కయో, శ్లేష్మమో అడ్డుపడిన చీదుకొనుట దానికి తెలియదు. తుమ్ముటయే దానికి తెలిసిన ఉపాయము. అందుచేత ఒక్క తుమ్మునకే జలుబు చేసెనని ఆముదము పట్టించుట, సాంబ్రాణి పొగతో గది నింపుట తగదు. పొగ మరికొన్ని తుమ్ములు తెచ్చును. జ్వరమున్నను, ఊపిరి ఎగబోయుచున్నను, పాలు త్రాగకున్నను మాత్రము ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

ఇక తుమ్మును ఆపుట. మైకు ముందు కూర్చుండు మావంటివారికి ఇది నిత్యసమస్య. చాల స్టూడియోలలో ప్రసంగించువారి బల్లపై ఒక మీట ఉండును; దానిని నొక్కియుంచినంతసేపు మైకు మూగవోవును. ఇంగ్లీషువారు దానికి దగ్గుమీట యని పేరు పెట్టిరి. మీట దూరమైనప్పుడు ముక్కు క్రింద పై పెదవిని వ్రేలితో గట్టిగా అదుముట మాలో పలువురకు అలవాటు. ఇది ఒక్కొక్కప్పుడు పనిచేయును. కారణము కూడ గలదు. పై పెదవి స్పర్శను మోయునదియు త్రిధారనాడియే గనుక ఒక వార్త మధ్య ఇంకొక వార్త చొరబడి మొదటిదానిని కలగాపులగము చేయును. అయితే ఇదంతయు తుమ్ము ఇంకను గిలిగింతగా ఉన్నప్పుడే. కండరములు బిగిసి గాలి బయలుదేరిన తరువాత ముక్కును నోటిని మూసి ఆపుట వేరు. అది చేయరాదు. ఆ ఒత్తిడి వెలుపలికి పోవు దారి లేక చెవివైపునకును, గొంతు గోడలమీదికిని తిరుగును. ఇంగ్లండులోని లెస్టరు నగరమున 34 ఏండ్ల ఆరోగ్యవంతుడొకడు ముక్కు పట్టుకొని, నోరు బిగించి తుమ్మును ఆపగా మెడలో ఏదో పగిలినట్లు తోచినదట. గొంతు వెనుకగోడ చీలి, గాలి మెడ కండరముల మధ్య, రొమ్మువరకు వ్యాపించినది. మాట పోయినది, మ్రింగుట కష్టమైనది, వారము రోజులు గొట్టముద్వారా ఆహారమిచ్చి వైద్యులు అతనిని కాపాడిరి. ఈ ఉదంతము 2018లో వైద్యపత్రికలో ప్రకటితమైనది. ఇట్టిది అరుదు, కాని చెవిపోటు, ముక్కునుండి నెత్తురు వంటివి అంత అరుదు కావు.

మన ఆయుర్వేదాచార్యులు ఈ విషయమున ఏనాడో హెచ్చరించియున్నారు. చరకసంహిత సూత్రస్థానమున ఆపరాని వేగములు పదుమూడింటిని పేర్కొను అధ్యాయమొకటి కలదు. ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు మొదలగువానితో క్షవథువు, అనగా తుమ్ము, కూడ అందున్నది. దానిని బంధించినవారికి మెడ పట్టుట, తలనొప్పి, మూతి వంకరపోవుట వంటివి కలుగునని అందు చెప్పబడినది. ఇవన్నియు తుమ్మును ఆపుట వలననే వచ్చునని నేటి వైద్యులు ఒప్పుకొనరు. ఆపరాదన్న మూలసూత్రమును మాత్రము ఒప్పుకొందురు. ఒకవైపు ఇట్టి శాస్త్రము, వేరొకవైపు పరీక్షకు పోవు అన్న గడప దాటువరకు ముక్కు రెండు వ్రేళ్లతో మూసికొని తలుపుచాటున నిలుచున్న చెల్లెలు! శకునమును నమ్ము పెద్దలను ఇప్పటికిప్పుడు మార్చుట మావలన కాదు. వారు కూర్చుండి మంచినీళ్లు త్రాగిన నష్టమేమియు లేదు. ఎండవేళ అయినచో లాభమే. ఆ పిల్లను మాత్రము స్వేచ్ఛగా తుమ్మనిండు. దాని ముక్కులో నలుసు పడినదేగాని, అన్నగారి మార్కులతో ఆ నలుసునకు సంబంధము లేదు.

తుమ్మువాడు ఇతరులకు చేయదగిన మర్యాద ఒకటి గలదు. తుమ్ము గంటకు నూరు మైళ్ల వేగముతో పోవునని పలు పుస్తకములలో చదువుదుము. 2013లో సింగపూరున కొందరు మనుష్యులను తుమ్మించి కొలువగా వచ్చిన గరిష్ఠ వేగము సెకనుకు 4.5 మీటర్లు మాత్రమే. అనగా సైకిలుపై పోవువాని వేగమునకు సమానము. వేగము తగ్గినను దూరము తగ్గలేదు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మార్షల్ జెన్నిసన్ 1940 ప్రాంతముల తీసిన ఛాయాచిత్రములలోనే తుమ్మునుండి వేలకొలది తుంపరలు చిమ్ముట కనబడినది. అదే సంస్థలో లిడియా బురూయిబా ఇటీవల మరింత వేగముగల కెమెరాలతో పరిశీలించి, ఆ తుంపరలు విడివిడిగా పడిపోక, వెచ్చని తేమగాలి మేఘములో కలిసి పయనించుననియు, అట్టి మేఘము 7, 8 మీటర్ల వరకు పోవచ్చుననియు 2020లో ప్రకటించిరి. అది ఒక మోస్తరు పెండ్లిపందిరిలో ఒక వరుస విస్తళ్లను దాటిపోవు దూరము. భారతదేశమున కోటికి పైగా ప్రాణములు బలిగొన్న 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాయు, 2020 నాటి కోవిడును ఇట్టి తుంపరల ద్వారా మనిషినుండి మనిషికి ప్రాకినవే.

తుమ్ము వచ్చినప్పుడు చేయి అడ్డము పెట్టుట మనకు చిన్ననాట నేర్పిన అలవాటు. ఏమియు పెట్టకపోవుటకంటె నయమే గాని, ఆ చేతితోనే తరువాత తలుపు గడియ తీయుదుము, బస్సులో కమ్మీ పట్టుకొందుము, పసిబిడ్డను ఎత్తుకొందుము. చేతిరుమాలో, కండువా చెరగో, పమిటకొంగో అడ్డముంచి, దానిని అదేరోజు ఉదికి ఆరవేయుట మేలు. ఏదియు అందనప్పుడు మోచేతి వంపులోనికి మొగము త్రిప్పి తుమ్మవలెను. మోచేతితో ఎవరును అన్నము కలుపరు గదా!